సంచులకు కాపలా ఎప్పుడూ అమ్మేనా?

"మీరు వెళ్ళి చూసి రండి. నేనిక్కడ సంచులు చూసుకుంటూ కూర్చుంటాను."

ఈ మాట మన ఇళ్ళల్లో ఎవరంటారో చెప్పనక్కర్లేదు. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారో, నెలలు నిండుతున్న కోడలో, చంకలో పసిపిల్ల ఉన్న ఆడపడుచో. నేనైతే చిన్నప్పట్నుంచీ అంటూనే ఉన్నాను. మూడో ఏట పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. చేతికర్ర లేనిదే నాలుగడుగులు వెయ్యలేను. మా అనకాపల్లి పక్కనే శంకరంలో బొజ్జన్నకొండ ఉంది కదా! బడిపిల్లలంతా మెట్లెక్కి బౌద్ధ గుహలు చూసొస్తే, నేను కింద చెట్టు నీడన వాళ్ళ టిఫిను డబ్బాలకు కాపలా కాశాను.

పోయిన దసరా సెలవుల్లో మా ఏడేళ్ళ బాబు హైదరాబాదు చూపించమని పట్టుబట్టాడు. రాష్ట్రాలు రెండయినా, 2024 జూన్ 2తో ఉమ్మడి రాజధాని గడువు తీరిపోయినా, మా తరానికి రాజధాని అంటే ముందు గుర్తొచ్చేది ఆ ఊరే. "ఆ కాలుతో అంత దూరం ఏటమ్మా? వాళ్ళ నాన్నతో పంపించెయ్యరాదా?" అంది పక్కింటి పిన్ని. నాకూ అదే అనిపించింది. కానీ వాడు "నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను" అని భీష్మించుకున్నాడు. ముగ్గురం రాత్రి రైలెక్కాం.

వెళ్ళాక తెలిసిందేమిటంటే, నాకూ వాడికీ కావలసినవి ఒక్కటే. పావుగంట నడిస్తే ఇద్దరికీ కూర్చోవాలనిపిస్తుంది. ఇద్దరికీ మంచినీళ్ళు, దగ్గర్లో మరుగుదొడ్డి కావాలి. "ఎత్తుకో అమ్మా" అంటే ఎత్తుకోలేను. ఒక చెయ్యి కర్రకు, ఒక చెయ్యి వాడికి. మెట్ల పక్క కమ్మీ పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో సంగీత గడియారం ముందు అందరితో పాటు కూర్చున్నాం. సరిగ్గా గంట కాగానే బొమ్మ మనిషి బయటికొచ్చి గంట కొట్టి లోపలికి వెళ్ళిపోయాడు. అక్కడ అందరూ కూర్చునే చూస్తారు కనుక నా కాలు ఎవరికీ గుర్తు రాలేదు, నాక్కూడా. మెట్రో స్టేషన్లో లిఫ్టు మీట నొక్కడం మావాడికి రైలు కన్నా పెద్ద వినోదం. 1591 నాటి చార్మినార్‌ను కిందనుంచే చూశాం. పైకి 149 మెట్లు, అవీ ఇరుకైన మెలికల మెట్లు. నాలుగొందల ఏళ్ళ కట్టడానికి లిఫ్టు పెట్టమని నేనడగను.

మనసు కష్టపడింది మరోచోట. పేరెందుకులెండి, ఈమధ్య కట్టిన భవనమే. చక్రాల కుర్చీ వెళ్ళే వాలుదారి ఉంది. దాని గేటుకు తాళం ఉంది. తాళంచెవి ఉన్నాయన భోజనానికి వెళ్ళాడట. "పది మెట్లే కదమ్మా, మెల్లగా ఎక్కెయ్యండి" అన్నాడు కాపలా అతను. ఎక్కాను. పైమెట్టు మీద కర్ర జారింది. దెబ్బ తగల్లేదు గానీ, బాబు నా కొంగు పట్టుకుని ఏడ్చేశాడు. ఆ సాయంత్రమంతా ఎక్కడికెళ్ళినా "అమ్మా, నువ్వు కూర్చో, నేను చూసొచ్చి చెప్తాలే" అన్నాడు. ఏడేళ్ళకే నా కొడుకు నన్ను సంచుల దగ్గర కూర్చోబెట్టాడు!

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. వారిలో కదలికకు సంబంధించిన వైకల్యం ఉన్నవారే సుమారు 54 లక్షలు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం, నిబంధనలు వచ్చిన అయిదేళ్ళలోగా పాత ప్రభుత్వ, ప్రజోపయోగ భవనాల్ని కూడా అందరూ వెళ్ళగలిగేలా మార్చాలంది. నిబంధనలు 2017లో వచ్చాయి. అంటే గడువు 2022తోనే సరి! ఈ ప్రమాణాలు సలహాల్లా ఉంటే చాలదు, తప్పనిసరి చెయ్యాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. చట్టం వాలుదారి కట్టించగలదు. తాళం తియ్యాల్సింది మాత్రం మనుషులే.

మర్నాడు గోల్కొండ. ముందే అడిగి తెలుసుకున్నాం, కొసదాకా దాదాపు 360 మెట్లు. అందుకని ఒప్పందం చేసుకున్నాం. తండ్రీకొడుకులు పైకెళ్ళాలి, నేను ముఖద్వారం గోపురం కింద నిలబడి మూడుసార్లు చప్పట్లు కొట్టాలి. శత్రువులొస్తే పైవాళ్ళకు తెలియడానికి అలా కట్టారట. దిగొస్తూనే "మూడూ విన్నానమ్మా, అవి నీవే!" అని అరిచాడు. అంత జనంలో ఎవరి చప్పట్లో ఏమో! కానీ ఆ రోజు నేను ఉత్తినే కింద మిగిలిపోలేదు. ఎన్ని మెట్లో ముందే తెలిసింది కనుక నేనే తేల్చుకున్నాను.

అందుకే అడిగేది చిన్న సంగతి. టిక్కెట్ల కిటికీ దగ్గరే ఒక బోర్డు పెట్టండి. మెట్లెన్ని, వాలుదారి ఎటు, మరుగుదొడ్డి ఎక్కడ, కూర్చోవడానికి చోటుందా? వాలుదారి తాళంచెవి టిక్కెట్లిచ్చే మనిషి దగ్గరే ఉంచండి. ఇందుకు కోట్లు అక్కర్లేదు.

ఇక మనం. రోజుకు నాలుగు చోట్లు వద్దు, రెండు చాలు. బయల్దేరే ముందే ఫోను చేసి అడగండి, మొహమాటపడకండి. సంచులు సామాన్ల గదిలో పెట్టండి. అది లేకపోతే వంతులేసుకోండి. ఈసారి సెలవులకు ఎక్కడికైనా వెళ్ళినప్పుడు మీ ఇంట్లో ఎవరు "మీరు వెళ్ళి రండి" అంటున్నారో గమనించండి. ఆ మాట విని వెంటనే కదిలిపోకండి. ఓ నిమిషం ఆగి "నీకు చూడాలని ఉందా?" అని అడిగి చూడండి.