ఉత్తరాయణం ఎవరికి?

సంక్రాంతి రాగానే మన పండితులు ఏటా ఒకే ఉపన్యాసం చెబుతారు. సూర్యుడు మకరరాశిలో ప్రవేశించాడనీ, ఉత్తరాయణ పుణ్యకాలం మొదలయిందనీ, దేవతలకు తెల్లవారిందనీ, ఈ ఆరు మాసాలలో కన్నుమూసినవారికి ఉత్తమగతులు కలుగుతాయనీ దాని సారాంశం. ఈ వ్యాఖ్యానాన్ని ఒకసారి అచ్యుతాపురం తీసుకువెళ్లి పరీక్షించవలసి ఉంది.

ముందు ఆకాశం సంగతి చూద్దాం. సూర్యుడు ఉత్తరముఖం పట్టేది జనవరి 14నో 15నో కాదు. డిసెంబరు 21నో 22నో. భూమి అక్షం బొంగరంలాగా మెల్లగా ఊగుతూ ఉండడం వల్ల, రమారమి 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున, సంక్రాంతి అసలు ఉత్తరాయణానికి దూరమవుతూ వచ్చింది. సుమారు 1,700 ఏళ్లనాడు రెండూ ఒక్కటిగా ఉండేవి. ఇవాళ మధ్య 24 రోజుల ఎడం ఉంది. మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం 1955 నాటి నివేదికలో ఈ తేడాను విప్పి చెప్పింది. పుణ్యకాలం మాత్రం కదలలేదు.

అయితే ఇంతమాత్రంతో పండుగనే కొట్టిపారేసే మిత్రులతోనూ నాకు పేచీ ఉంది. తప్పు లెక్క మీద నిలిచిన పండుగయితే ఇన్ని శతాబ్దాలు బతికేది కాదు. అది గాదె మీద నిలిచింది. కోతలు, నూర్పులు ముగిసి ధాన్యం ఇల్లు చేరిన వేళ కొత్తబియ్యంతో పొంగలి, అరిసెలు. ఏడాది పొడుగునా కాడి మోసిన పశువులకు కనుమ. పేడతో గొబ్బెమ్మలు, వాటి నెత్తిన గుమ్మడిపూలు. వీటిలో రాశిచక్రం నుంచి దిగివచ్చింది ఒక్కటీ లేదు.

అలాగని పాత పల్లెను స్వర్గమనీ అనను. కళ్లంలో చాకలికీ, మంగలికీ, కమ్మరికీ, వడ్రంగికీ కొలిచిన మేర సంవత్సరమంతా చేసిన పనికి కూలి. ఆ కూలికి ధర్మమని పేరుపెట్టి, పుచ్చుకునేవాడిచేత దండం పెట్టించుకున్నది భూస్వామ్యం. పశువుకు పూజ చేసి పాలేరును వాకిలి బయటే నిలబెట్టింది.

ఇక అచ్యుతాపురం. ఇక్కడా పక్కనున్న రాంబిల్లిలోనూ భూములు సేకరించి ప్రత్యేక ఆర్థిక మండలి కట్టారు. పొలం పోయిన చోట కనుమనాడు పసుపు రాయడానికి ఎడ్లు లేవు. కాడి మాత్రం పోలేదు; అది బట్టలు కుట్టే ఆడపిల్లల మీదికీ, మందుల కర్మాగారాల్లో షిఫ్టులకు వెళ్లే యువకుల మీదికీ మారింది.

2024 ఆగస్టు 21న ఈ మండలిలోని ఒక మందుల కర్మాగారంలో ద్రావకం కారి, దాని ఆవిరి అంటుకొని జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. ఆగస్టు దక్షిణాయనం. మరి వారికి ఉత్తమగతులు లేవా? పండితులు జవాబు చెప్పాలి. ఉత్తరాయణమంటే కాలం కాదు, జ్ఞానమార్గమని వారు తప్పుకోజూస్తారు. అయితే ఏటా జనవరిలో మాకు తిథివార నక్షత్రాలతో చెబుతున్న పుణ్యకాలం ఏమిటి? భీష్ముడు అంపశయ్య మీద ఉత్తరాయణం దాకా ప్రాణం బిగబట్టాడంటే, అతనికి తండ్రి ఇచ్చిన వరం ఉంది. కార్మికుడికి ఏ తండ్రీ అటువంటి వరం ఇవ్వలేడు. అతనికి కావలసింది కారని గొట్టం, లంచానికి లొంగని తనిఖీ, ప్రమాదం ఉందనిపించినప్పుడు పని ఆపే హక్కు.

ఉత్తరాంధ్రలో సంక్రాంతి పెద్దల పండుగ. గతించినవారికి కొత్తబట్టలు పెట్టి తలుచుకుంటారు. పెద్దవాళ్లు కాకుండానే పెద్దల్లో కలిసిపోయిన బిడ్డలకు బట్టలు పెట్టుకునే తల్లుల దగ్గరికి వెళ్లి, ఇది మూఢనమ్మకమని ఉపన్యసించడం మన పని కాదు. ఈ బట్టలు ఎందుకు పెట్టవలసి వచ్చిందో ఆ తల్లులతో కలిసి అడగడం మన పని. విద్యార్థులు, ఉపాధ్యాయులు సెలవులకు ఊళ్లకు పోతారు. భోగిమంట దగ్గర నలుగురూ చేరినప్పుడు రాశుల మాట ఎత్తకండి. కూలి మాట, ప్రాణరక్షణ మాట ఎత్తండి. పండుగ దాన్ని పండించినవాళ్ల చేతికి తిరిగి వచ్చేది అలాగే.