బీరువాలో పెట్టే కెమెరా మనకొద్దు

మన బడికి కెమెరా కొనాలన్న మాట వచ్చిన దగ్గర్నుంచి పెద్దలందరిదీ ఒకటే పాట: "కొంటే ఫుల్ ఫ్రేమే కొనాలి." నేను ఒప్పుకోను. మాస్టార్లు, అమ్మానాన్నలు కోపగించుకోకుండా ముందు లెక్క చూడండి.

ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు. మైక్రో ఫోర్ థర్డ్స్ అనే చిన్న రకం 17.3 మి.మీ., 13 మి.మీ. గుణించి చూస్తే 864 ఎక్కడ, 225 ఎక్కడ! ఒకే ఎపర్చర్, ఒకే షట్టర్ వేగం పెట్టి తీస్తే పెద్ద సెన్సర్ మీద దాదాపు నాలుగు రెట్ల వెలుతురు పడుతుంది. చీకట్లో తీసిన ఫోటోలో రంగు చుక్కలు తగ్గుతాయి. ఇది నిజమే, కాదనను.

కానీ ఆ "ఒకే ఎపర్చర్" అన్న మాటని అందరూ మింగేస్తున్నారు. మనం పోగేసిన డబ్బుతో ఫుల్ ఫ్రేమ్ బాడీ కొంటే మిగిలేది మామూలు ఎఫ్/4 జూమ్ లెన్స్‌కే. చిన్న కెమెరాకి ఎఫ్/1.7 లెన్స్ అంతకంటే చాలా తక్కువకే వస్తుంది. ఎఫ్ పక్కన అంకె చిన్నదయ్యే కొద్దీ వెలుతురు ఎక్కువ. ఎఫ్/4 కంటే ఎఫ్/1.7 అయిదున్నర రెట్లు ఎక్కువ తెస్తుంది. సెన్సర్‌లో పోయింది లెన్స్‌లో తిరిగొచ్చిందా లేదా? జూమ్ ఉండదు, అంతే. నాలుగడుగులు నడుద్దాం, కాళ్లున్నాయి కదా.

క్లాసు ఫోటో సంగతీ అంతే. పెద్ద సెన్సర్‌తో ఎపర్చర్ బాగా తెరిచి తీస్తే ముందు వరుస స్పష్టంగా, వెనక బెంచీ ఎక్కినవాళ్లు మసగ్గా వస్తారు. అందరూ బాగా రావాలంటే ఎపర్చర్ మూయాలి, అప్పుడు ఆ ఎక్కువ వెలుతురు ఎక్కడిది?

ఇక బరువు. బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్రలో, రాత్రిపూట, ఘటాల వెనక, పులివేషాల మధ్య ఆ తోపులాట మీకు తెలీదా? ఎఫ్/2.8 జూమ్‌తో కలిపి ఫుల్ ఫ్రేమ్ కెమెరా కిలోన్నర తూగుతుంది. ఎనిమిదో క్లాసు పిల్ల దాన్ని మెడలో వేసుకుని ఎంతసేపు నిలబడగలదు? చిన్నది లెన్స్‌తో సహా అరకిలో, పుస్తకాల సంచీలో పడుతుంది. ఫోన్ చాలదా అంటారు కొందరు. ఫోన్ సెన్సర్ ఇంకా చిన్నది. రాత్రి నాలుగైదు బొమ్మలు కలిపి ఒకటి చేస్తుంది, ఈలోగా గెంతే పులివేషం చెదిరిపోతుంది.

అసలు భయం వేరే ఉంది. ఖరీదైన వస్తువు మా చేతికిస్తారా? ప్రొజెక్టర్ వచ్చినప్పుడు చూశాం కదా, గుడ్డ కప్పి బీరువాలో పెట్టేశారు. కెమెరా కూడా అలాగే లోపలుంటే, దేరా వీధుల్లో పట్టు నేసే తాతల చేతుల్ని ఎవరు తీస్తారు? రంగు వెలిసిన మన తెలుగు బోర్డుల్ని ఎవరు తీస్తారు? బోర్డులు మనకోసం ఆగవు, ఒక్కొక్కటే మారిపోతున్నాయి.

అందుకే వచ్చే సమావేశంలో చిన్న కెమెరాకే ఓటు వేయమని అడుగుతున్నాను. తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా ఆ రోజే తేల్చండి.