పద్యం వచ్చింది... పేరు రాలేదు

ఈమధ్య ఏం వింటున్నారు?

నరసరావుపేటలోనో వినుకొండలోనో పాటల పిచ్చి ఉన్న నలుగురిని అడిగి చూడండి. ముందు కొత్త సినిమాల పేర్లు చెబుతారు. తర్వాత ఫోన్ కాస్త దగ్గరికి జరిపి, ‘ఇది విన్నారా’ అంటూ ఇంకోటి పెడతారు. హార్మోనియం మొదలవుతుంది. సందేహం లేదు... హరిశ్చంద్ర కాటి సీను!

డి.వి. సుబ్బారావు పాడిందే అసలైందని వాదించేవాళ్లున్నారు. మా ఊరి తిరనాళ్లలో విన్నదే గొప్పదనేవాళ్లూ ఉన్నారు. ఆ తగువు తీర్చడం ఈ శీర్షిక వల్ల కాదు. ఒకప్పుడు క్యాసెట్‌లో తిరిగిన కాటి సీను తర్వాత మెమరీ కార్డులోకి ఎక్కింది. ఇప్పుడు వాట్సాప్‌లో చేయి మారుతోంది. క్యాసెట్‌కి అట్ట ఉండేది. దానిమీద కనీసం నటుడి పేరైనా ఉండేది. ఫోన్లో వచ్చేదానికి అట్ట లేదు. ‘కాటిసీను ఫుల్’... అంతే!

ఇంతకీ ఆ పద్యాలు ఎవరివి?

నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది కాబట్టి అన్నీ ఆయనవే అనుకుంటారు చాలామంది. కానీ శ్మశానంలో హరిశ్చంద్రుడు పాడగానే జనం ‘వన్స్‌మోర్’ అని అరిచే పద్యాలు కొన్ని గుర్రం జాషువావి. ‘శ్మశానవాటి’ అనే ఖండికలోవి. నటులు వాటిని కాటి సీనులో కలిపి పాడారు. జనం మెచ్చారు. ఇక విడదీయడం ఎవరి తరమూ కాలేదు. చావు ముందు రాజూ పేదా ఒకటేనని చెప్పే పద్యాలకు శ్మశానం కంటే మంచి వేదిక ఎక్కడ దొరుకుతుంది?

జాషువా 1895లో వినుకొండలో పుట్టారు. ఇప్పటి పల్నాడు జిల్లాయే. మూకీ సినిమాల కాలంలో రాజమండ్రిలో తెర పక్కన నిలబడి కథ, సంభాషణలు చదివే పని చేశారు. అంటే గొంతుతో బతకడం ఎలాగో తెలిసిన కవి. అదే గొంతుతో వినుకొండలో ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, ఈ కులంవాణ్ని లోపలికెందుకు రానిచ్చారని అవమానించారు. ‘గబ్బిలం’ 1941లో వచ్చింది. 1970లో పద్మభూషణ్ ఇచ్చారు. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు.

ఆ రోజు సభలో మనిషిని వద్దన్నారు. ఇవాళ పద్యం అందరి ఫోన్లలోనూ ఉంది. మనిషి పేరు మాత్రం ఇంకా బయటే ఉంది. ఎవరూ కావాలని చేసింది కాదు. అయినా మనసు చివుక్కుమంటుంది.

దీనికి పూర్తిగా ఎదురు కథ కారంపూడిది. అక్కడ ఏటా కార్తీక అమావాస్యకి వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు... ఐదు రోజులు. బ్రహ్మనాయుడి కథ, బాలచంద్రుడి కథ పాడే వీరవిద్యావంతులు తరతరాలుగా ఉన్నారు. వాళ్లలో అలిశెట్టి గాలెయ్య ఒకరు. జీన్ రోఘైర్ అనే అమెరికా పరిశోధకుడు ఆయన పాడిన కథను రికార్డు చేసుకుని, ఇంగ్లిష్‌లోకి మార్చారు. 1982లో ఆక్స్‌ఫర్డ్‌వాళ్లు దాన్ని పుస్తకంగా వేశారు. పేరు ‘ది ఎపిక్ ఆఫ్ పల్నాడు’. లోపలి అట్ట తిప్పగానే, ఇది అలిశెట్టి గాలెయ్య పాడిన కథ అని పుస్తకం పేరు కిందే ఉంటుంది. పాడినవాడి పేరు అక్కడ అచ్చయింది, ఇక్కడ ఎంతమందికి తెలుసు?

ఇదే కథను బుర్రకథగా వినేవాళ్లకి షేక్ నాజర్ ఉన్నారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు మనిషి. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆత్మకథకి ‘పింజారి’ అని పేరు పెట్టుకున్నంత నిబ్బరం ఆయనది. ఆయన ‘పల్నాటి యుద్ధం’ వినాలంటే చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు పక్కన పడేయండి. అది పదిమందిలో కూర్చుని వినాల్సింది. ఆ వంతల కేకలు ఒక్కడి చెవికి సరిపడేవి కావు. సినిమా రుచి కావాలంటే 1966 నాటి ‘పల్నాటి యుద్ధం’ ఉండనే ఉంది. నాగమ్మగా భానుమతి, సంగీతం సాలూరి రాజేశ్వరరావు. సినిమాల దగ్గర ఈ బెంగ లేదు, టైటిల్స్ ఉంటాయి కదా!

మీ ఫోన్లో కాటి సీను ఉంటే ఓసారి తెరిచి చూడండి. ఫైలు పేరు మార్చడానికి అర నిమిషం పట్టదు. వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే ‘రీనేమ్’ వస్తుంది. నటుడి పేరు, నాటకం రాసినాయన పేరు, జాషువా పేరు... మూడూ సరిపోతాయి. తర్వాత ఎవరికి పంపుకున్నా సరే.

వచ్చే వారానికి మీరేం వింటున్నారో రాసి పంపండి. పాట పేరుతో సరిపెట్టకుండా రాసినవాళ్లు, పాడినవాళ్లు ఎవరో తెలిసినంత మేర రాయండి. మాచర్ల నుంచి ఇంతవరకు ఒక్క ఉత్తరమూ రాలేదు. అక్కడివాళ్లు ఏమీ వినడం లేదంటే మాత్రం మేం నమ్మం!