వజాహత్ పొడుగ్గా ఉంది, జవాబే లేదు

2023 అక్టోబరు 27న గాజా తీర్మానంపై ఐక్యరాజ్య సమితిలో మన సర్కారు ఎటూ ఓటేయలేదు. హమాస్ దాడిని ఖండించే మాట అందులో లేదని వజాహత్ ఇచ్చారు. సరే అనుకున్నాను. డిసెంబరు 12న జంగ్ ఆపాలని ఓటేశారు, దిల్ కుదుటపడింది. తీరా 2025 జూన్ 12న మళ్లీ ఖామోషీ! ఆ రోజు 149 దేశాలు ఔనన్నాయి. బాత్‌చీత్‌తోనే అమన్ వస్తుందని మన రాయబారి పర్వతనేని హరీష్ వివరించారు (తెలుగాయనే). మాట సహీ. కానీ బాంబులు ఆపమంటే బాత్‌చీత్‌కు అడ్డమెలా అవుతుంది? 1974లో పీఎల్‌ఓను గుర్తించిన తొలి అరబేతర ముల్క్ మనదే కదా!

"అబ్బా, మనం ఎటువైపు?" అని మా బిడ్డ అడిగింది. ఆ వజాహతంతా చదివి వినిపించాను.

"అంటే ఎటు?" అంది మళ్లీ.