అడవి చూచి వచ్చిన తరువాత వచ్చు జ్వరము



సెలవులు వచ్చినప్పుడు మన సంఘములలోని యౌవనస్థులు, సండేస్కూలు టీచర్లు కలిసి బండి మాట్లాడుకొని అడవి చూడ బయలుదేరుచున్నారు. మల్లాపూర్, కోరుట్ల వారికి గోదావరి దాటితే కవ్వాల్ అడవి ఎంతో దూరము కాదు. 2012లో పులుల అభయారణ్యముగా ప్రకటింపబడిన ఆ అడవిలో జన్నారం నుండి సఫారీ బండ్లు తిరుగుచున్నవి. కొందరు ఇంకను దూరము పోయి అరకు, పాపికొండలు చూచి వచ్చుచున్నారు. ఆఫ్రికాలో పని చేయు బిడ్డల యొద్దకు వెళ్లి, అక్కడి సింహములను చూచి వచ్చువారును ఉన్నారు. దేవుని సృష్టిని చూచుట మంచిదే, మేము వద్దనము. అయితే పులి పేరు చెబితే బండి తలుపు గట్టిగా పట్టుకొను మనము, దోమను చేతితో తోలివేసి ఊరకుందుము. మా చింత అందును గూర్చియే.

అడవికి పోయి వచ్చి జ్వరపడిన వానిని చూచి మన పెద్దలు "అడవి నీళ్లు పడలేదు" అందురు. పూర్వము లోకమంతయు ఇట్లే అనుకొన్నది. మలేరియా అను మాటకే చెడుగాలి అని అర్థము. అది గాలి కాదు, నీళ్లు కాదు అని తేలినది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు, హుసేన్ ఖాన్ అను రోగిని కుట్టిన దోమను కోసి, దాని కడుపులో మలేరియా క్రిమిని చూచెను. కుట్టించుకొన్నందుకు ఆ రోగికి దోమకు ఒక అణా చొప్పున ఇచ్చెనట! 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము వచ్చినది. కనుక కాచి చల్లార్చిన నీళ్లు సీసాలలో తీసికొని పోవుట విరేచనములకు మంచిదే గాని, మలేరియాకు అది అడ్డు కాదు.

మలేరియాను మోయు అనాఫిలిస్ దోమ ప్రొద్దు గూకినది మొదలు తెల్లవారువరకు కుట్టును. పగటివేళ సఫారీ బండిలో తిరుగునప్పుడు దాని భయము తక్కువ. రాత్రి బస చేసిన చోట నెగడు చుట్టు కూర్చుండి, పొట్టి చేతుల చొక్కాలతో పాటలు పాడుకొను వేళయే అపాయము. చేతులు, కాళ్లు కప్పు బట్టలు వేసికొని, బయటనున్న చర్మమునకు దోమల మందు పూసికొనవలెను. మందు పట్టించిన దోమతెర కట్టి, దాని అంచులు పరుపు క్రిందికి దోపవలెను. వేపాకు పొగ కాసేపే పని చేయును, తెల్లవార్లు కావలి కాయదు.

ఇక అసలు సంగతి. దోమ కుట్టిన రేపే జ్వరము రాదు. కనీసము ఏడు దినములు, సాధారణముగా పది నుండి పదిహేను దినములు పట్టును. అంతలో మనము ఇల్లు చేరి, బట్టలు ఉతికి, పొలము పనులలో పడి, యాత్రను మరచిపోయియుందుము. అప్పుడు చలి, వణుకు, తలనొప్పి, చెమటలు పట్టుకొనును. ఊరి డాక్టరు యొద్దకు పోయి సూది వేయించుకొని, గ్లూకోజు ఎక్కించుకొని రెండు మూడు దినములు చూతుము. మన ఊరిలో మలేరియా అరుదైనందున ఎవరికిని దాని తలంపు రాదు. ఫాల్సిపారం రకమైతే ఒక్క దినము ఆలస్యమైనను మెదడుకు, మూత్రపిండములకు ప్రమాదము కలుగవచ్చును. చిన్నబిడ్డలకు, గర్భవతులకు మరి ఎక్కువ. కాబట్టి జ్వరమని చెప్పుటకు ముందే "ఫలాని అడవికి, ఫలాని తేదీన పోయి వచ్చితిమి" అని చెప్పండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో వ్రేలి నుండి రక్తము తీసి ఉచితముగా పరీక్ష చేయుదురు. ఒకసారి క్రిమి కనబడకపోయినను జ్వరము నిలిచియున్న యెడల మరల చేయించుకొనవలెను.

వైవాక్స్ అను రకము కాలేయములో దాగియుండి నెలలు గడచిన తరువాత మరల లేచును. దానికి పద్నాలుగు దినముల మాత్రలు ఇత్తురు. జ్వరము మూడు దినములకే దిగిపోవును గనుక మనవారు మిగిలినవి అటక మీద పెట్టుదురు. అట్లు చేయకూడదు. అయితే ఆ మాత్రలు గర్భవతులకు, పసిబిడ్డలకు ఇయ్యరు, కొందరి రక్తమునకు సరిపడవు. కనుక ఒకరికి మిగిలినవి ఇంకొకరు మ్రింగరాదు.

ఆఫ్రికాకు పోవువారికి మరొక మాట. మన ప్రాంతమువారు దుబాయికి పోవుట ఎరుగుదురు. అక్కడ మలేరియా లేదని 2007లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచినది. ఆఫ్రికా అట్లు కాదు. 2023లో లోకమంతట మలేరియాతో చనిపోయిన సుమారు 5,97,000 మందిలో నూటికి తొంబదిమందికి పైగా ఆ ఖండమువారే. మిషనెరీ లివింగ్‌స్టన్ గారి భార్య మేరీ అమ్మగారు 1862లో జాంబెజీ నదీతీరమున ఈ జ్వరముతోనే కన్నుమూసిరి. ఇప్పుడు ముందుజాగ్రత్త మాత్రలున్నవి. డాక్టరును అడిగి ప్రయాణమునకు ముందే మొదలుపెట్టి, వచ్చిన తరువాతను చెప్పినన్ని దినములు వాడవలెను. కొన్నిటిని తిరిగి వచ్చిన తరువాత నాలుగు వారములు మ్రింగవలసియుండును. వాటిని వాడినను దోమతెర మానకూడదు.

"పాస్టరుగారూ, ప్రార్థన చేసికొని బయలుదేరితే చాలదా?" అని కొందరు అడుగుదురు. క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఆజ్ఞ యున్నది. ఎవడైనను పడి చనిపోతే ఆ దోషము ఇంటిమీదికి వచ్చును గనుక. పిట్టగోడ కట్టినవానిని అవిశ్వాసి అని ఎవరు అనగలరు? పిల్లలను అడవికి తీసికొనిపోవు సంఘ పెద్దలకు దోమతెర అట్టి పిట్టగోడయే.

ఈ సంవత్సరము యాత్రకు పోవు ప్రతి సంఘము వెళ్లినవారి పేర్లు, తిరిగి వచ్చిన తేదీ ఒక పుస్తకములో వ్రాసికొనవలెనని మా మనవి. నెల దినములలో వారిలో ఎవరికి జ్వరము వచ్చినను, ప్రార్థనకు పిలువబడిన పెద్దలు ఆ తేదీ చూచుకొని, ఆశా కార్యకర్తను వెంటబెట్టుకొని ఆ ఇంటికి వెళ్లవలెను. వైవాక్స్ సంగతి చెప్పితిమి గనుక, ఆ పేజీని సంవత్సరము వరకు చింపవద్దు.