‘రెండు వారాల ఆలస్యం’ అంటే ఒక కార్తె అని చెప్పరేం?

ఆ మధ్య ఒక వానాకాలం మొదట్లో, తెల్లవారుజామున మాదన్నపేట కూరగాయల మార్కెట్ దగ్గర టీ తాగుతున్నాను. ఇబ్రహీంపట్నం వైపు నుంచి కొత్తిమీర, పాలకూర కట్టలు తెచ్చిన రైతు ఒకాయన పక్కన నిలబడి ఆకాశం వంక చూస్తున్నాడు. మృగశిర వెళ్లిపోతున్న రోజులు. వాన జాడ లేదు. బోరు కింద కాసింత ఆకుకూర వేస్తాడు గానీ మిగతా నాలుగెకరాలు చెలకే. దుక్కి చేసి పెట్టుకున్నాడు. "జొన్న ఏయాల్నా, ఆగాల్నా, ఆముదానికి పోవాల్నా, చెప్పెటోడు లేడు సారూ" అన్నాడు.

ఆయన అడిగిన ప్రశ్నకే జవాబు వెతకడానికి పుట్టిన సంస్థ ఆ టీ బండికి రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఉంది. సంతోష్‌నగర్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ. పొట్టి పేరు ‘క్రీడా’. ఆ మాటే చెప్పాను. "ఆడ ఆటలు ఆడిపిస్తరా?" అన్నాడాయన. కాదు, వాన మీద ఆధారపడ్డ సేద్యం గురించి పరిశోధన చేస్తారన్నాను. "ఆ గోడ పక్కకెల్లే రోజూ పోత గద, మిలిటరీది అనుకున్న" అన్నాడు. ఆయన తప్పేం లేదు. కాస్త ముందుకు పోతే కంచన్‌బాగ్. అక్కడ రక్షణ శాఖ ప్రయోగశాలలున్నాయి. గోడలన్నీ ఒక్కలాగే ఉంటాయి.

పాఠకులారా, ఈ ముచ్చట ఆ సంస్థను తప్పు పట్టడానికి చెప్పడం లేదు. 1970లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన అఖిల భారత మెట్ట వ్యవసాయ పరిశోధనా పథకం నుంచి 1985లో ఏర్పడిన సంస్థ అది. హయత్‌నగర్‌లోనూ, యాచారం మండలం గున్‌గల్‌లోనూ దానికి పరిశోధనా క్షేత్రాలున్నాయి. రంగారెడ్డి జిల్లా రైతుల కోసం కృషి విజ్ఞాన కేంద్రం కూడా నడుపుతోంది. దేశంలో సాగయ్యే భూమిలో సుమారు సగం వానకే మొక్కుకునే భూమి కాబట్టి దాని పని చిన్నదేం కాదు. మరి ఎదురుగా ఉన్న మనిషికి అది ఆటల ఆఫీసుగానో మిలిటరీ గోడగానో ఎందుకు మిగిలింది?

ఒక్క ఉదాహరణ తీసుకుందాం. వానలు తప్పితే ఏం చేయాలో జిల్లాల వారీగా ఈ సంస్థ ప్రణాళికలు తయారు చేయించింది. వ్యవసాయ విశ్వవిద్యాలయాలతో కలిసి దేశంలో 650 దాకా జిల్లాలకు అవి సిద్ధమయ్యాయి. వాటి అమరిక బాగుంటుంది. నైరుతి రుతుపవనం 2 వారాలు ఆలస్యమైతే ఏమిటి, 4 వారాలైతే ఏమిటి, 6 అయితే, 8 అయితే ఏమిటి అని నాలుగు మెట్లుగా పంటలు, రకాలు, వరుసల మధ్య దూరం అన్నీ పట్టికలో ఉంటాయి. మొలిచాక పదిహేను రోజులు వాన ముఖం చాటేస్తే ఏం చేయాలో కూడా ఉంటుంది. అయితే అది ఇంగ్లీషులో, అధికారుల చేతిలో పెట్టుకునే దస్త్రంగా తయారైంది.

ఇప్పుడు మన లెక్క చూడండి. మృగశిర కార్తె జూన్ 8 దరిదాపుల్లో వస్తుంది. రుతుపవనం మన దగ్గరికి వచ్చేదీ ఇంచుమించు అప్పుడే. ఒక్కో కార్తె 13, 14 రోజులు. అంటే శాస్త్రవేత్త ‘2 వారాల ఆలస్యం’ అన్నప్పుడు మన ఊళ్లో ముసలాయన ‘ఆరుద్రకు పోయింది’ అంటాడు. 4 వారాలంటే పునర్వసు. 6 అంటే పుష్యమి. 8 వారాలంటే ఆశ్లేష. పట్టికలోని నాలుగు మెట్లకు నాలుగు కార్తెలు అతికినట్టు సరిపోయాయి! ఎవరో కూర్చుని కలిపినా ఇంత బాగా కుదరదు. ఆ పట్టికను కార్తెల పేర్లతో ఒక్క కాగితం మీద అచ్చేసి గ్రామ పంచాయతీ గోడకు అతికిస్తే చదువు రానివాడు కూడా ఇంకొకరితో చదివించుకుని గుర్తు పెట్టుకుంటాడు.

చెలక నేలలకు సాధారణంగా చెప్పే మాటలు ఇవి. జొన్న వేస్తే జూన్‌లోనే వేయాలి, ఆలస్యమైన కొద్దీ మొవ్వు ఈగ పట్టి పీకుతుంది. పెసర, మినుములకు జూలై మధ్య దాకా అదను, అంటే పునర్వసు దాటనివ్వకూడదు. ఆముదం జూలై ఆఖరు దాకా, అంటే పుష్యమిలోనూ పెట్టుకోవచ్చు. ఆలస్యంగా కంది వేస్తే మొక్క పెద్దగా ఎదగదు కాబట్టి సాళ్లు దగ్గర చేసి విత్తనం పెంచాలి. ఆశ్లేష వచ్చినా నేల ఖాళీగా ఉంటే ఉలవ ఉంది. (మీ నేల రేగడి అయితే లెక్క మారుతుంది. మీ వ్యవసాయ విస్తరణ అధికారిని అడిగి గానీ గింజ కొనకండి.) మాదన్నపేటలో ఆ రైతుకు నేను చెప్పిందీ ఇంతే. రెండు నిమిషాలు పట్టింది. "గింతేనా? కార్తెల లెక్క మా నాయిన సుత చెప్పెటోడు గదా" అన్నాడు.

భాష ఒక్కటే అడ్డమైతే ఎవరో ఒకరు అనువాదం చేసి పడేస్తారు. కొలతలు కూడా అడ్డమే. పరిశోధన హెక్టారులో మాట్లాడుతుంది, రైతు ఎకరాలో ఆలోచిస్తాడు. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. ‘హెక్టారుకు 20 కిలోలు’ అని కరపత్రంలో ఉన్న మాట రైతు చెవిలో ‘ఎకరాకు 20 కిలోలు’గా పడితే ఖర్చు రెండున్నర రెట్లు. వాన మిల్లీమీటర్లలో కొలుస్తారు, మనకు కావలసింది పదును ఎంత లోతు దిగిందన్నది. ‘5 శాతం వేపగింజల కషాయం’ అంటారు. 100 లీటర్ల నీళ్లకు 5 కిలోల గింజల పొడి, పది లీటర్ల ట్యాంకుకు అర కిలో అని చెబితే ఆడవాళ్లు ఇంట్లోనే చేసుకుంటారు. శాతం అనేసరికి ‘ఇదేదో కంపెనీ మందు’ అని దుకాణానికి పోతారు.

దుకాణం మాట వచ్చింది గనక చెప్పాలి. 2003లో జాతీయ నమూనా సర్వే వాళ్లు దేశమంతా రైతు కుటుంబాలను అడిగారు, మీకు కొత్త సాగు పద్ధతుల సమాచారం ఎక్కడి నుంచి వస్తోందని. నూటికి 60 కుటుంబాలు ఎక్కడి నుంచీ రావడం లేదన్నాయి. వచ్చినవాళ్లలో ఎక్కువ మందికి చెప్పింది పక్క రైతు, విత్తనాలు మందులు అమ్మే దుకాణదారు, రేడియో. ప్రభుత్వ విస్తరణ ఉద్యోగి పేరు చెప్పినవాళ్లు నూటికి ఆరుగురు కూడా లేరు. ఆ తర్వాత 2004లో కిసాన్ కాల్ సెంటర్లు వచ్చాయి, చేతిలో సెల్‌ఫోన్లు వచ్చాయి. తెలంగాణలో 2,600 పైచిలుకు రైతు వేదికలు కట్టారు. 2024 మార్చిలో వీడియోలో శాస్త్రవేత్తలు రైతులతో మాట్లాడే ‘రైతు నేస్తం’ మొదలైంది. మంచిదే. అయినా దుకాణదారు ఇప్పటికీ బలంగానే ఉన్నాడు. ఎందుకంటే ఆయన మన మాటలో చెబుతాడు, అప్పు ఇస్తాడు, ఏడుకొట్టినా షట్టర్ తెరిచే ఉంచుతాడు. మన కార్యాలయాలు ఈ మూడింట్లో కనీసం మొదటిదైనా నేర్చుకోవచ్చు.

కొన్నేళ్ల కిందట ఒక కిసాన్ మేళాకు వెళ్లాను. సంస్థ పేరు ఎందుకులెండి. తెర మీద బొమ్మలన్నీ ఇంగ్లీషులో. చెప్పే ఆయన తెలుగువాడే, చక్కటి పల్లెటూరి మనిషి, మధ్యాహ్నం భోజనాల దగ్గర రైతులతో తెగ కబుర్లు చెప్పాడు. మైకు పట్టుకోగానే మాత్రం ‘సిగ్నిఫికెంట్’, ‘ట్రీట్‌మెంట్’ తప్ప నోటికి మాట రాలేదు. ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు, వెనక వరసలోవాళ్లు సంచీలు ఎప్పుడిస్తారా అని చూశారు. భోజనాల దగ్గర చెప్పిందే మైకులో చెప్పి ఉంటే!

మంచి వార్త చేరకపోతే అదను పోతుంది. చేదు వార్త చేరకపోతే ఒంటికే ముప్పు. పాతబస్తీని ఒరుసుకుని పారే మూసీ కింద, చాదర్‌ఘాట్ దాటాక ఉప్పల్, పీర్జాదీగూడ వైపు ఒకప్పుడు వరి ఉండేది. నీళ్లు మురుగైన కొద్దీ చాలామంది వరి వదిలి పారాగడ్డి వేసుకున్నారు. నగరంలో గేదెలు పెట్టుకున్నవాళ్లకు అదే మేత. అప్పట్లో పటాన్‌చెరులో కార్యాలయం ఉన్న అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ వాళ్లు ఈ మురుగునీటి సేద్యాన్ని అధ్యయనం చేసి రాశారు కూడా. 2007లో ఇంకొక సంగతి బయటపడింది. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్త యోకిం లార్సన్ బృందం పరీక్షించింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేలింది. ఆ మందు బిళ్ల వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఇలాంటి నీళ్లలో బతకడం నేర్చుకున్న సూక్ష్మజీవికి రేపు ఆసుపత్రిలో ఆ మందు పనిచేయదు. ఈ సంగతి శాస్త్ర పత్రికలో వచ్చింది 2007లో. వార్తా సంస్థల ద్వారా ప్రపంచమంతా మాట్లాడుకున్నది 2009 జనవరిలో. ఆ చుట్టుపక్కల చేలవాళ్లు నీళ్ల రంగు, వాసన చూసి ఏళ్ల తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు. వాళ్ల మొరకు సాక్ష్యంగా నిలిచే కాగితం మాత్రం వాళ్లకు తెలియని భాషలో ఎక్కడో అచ్చయింది.

ఇంకో మాట. పాతబస్తీలో గేదెలు, మేకలు సాకేవాళ్లలో చాలామంది ఇంటి మాట దక్కనీ ఉర్దూ. వాళ్లకు తెలుగు కరపత్రం ఇచ్చినా ఇంగ్లీషుది ఇచ్చినా ఒకటే. పశువైద్యశాఖ వాళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే గాలికుంటు టీకా రోజున జనం ఇంకాస్త ఎక్కువ వస్తారు.

అయితే పరిశోధన ఫలితం చేతికి రాగానే డప్పు కొట్టేయాలా? అందుకు మన ఊళ్లోనే ఒక పాత పాఠం ఉంది. 1888లో, మళ్లీ 1889లో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పూనికతో ‘హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్’ పని చేసింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చారు. లండన్ నుంచి ‘లాన్సెట్’ పత్రిక లాడర్ బ్రంటన్ అనే పేరున్న వైద్యుణ్ణి పంపింది. కుక్కల మీద, కోతుల మీద వందల ప్రయోగాలు చేసి తేల్చిందేమంటే, క్లోరోఫాం ఇచ్చేటప్పుడు ఊపిరి కనిపెట్టుకుని ఉంటే చాలు, గుండెకు భయం లేదని. ఆ మాట దేశదేశాలకూ పాకింది. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన గుండె లయ తప్పి కూడా ప్రాణం పోతుందని ప్రయోగాల్లో చూపించాడు. హైదరాబాదువాళ్లు చేసిన పనిలో కష్టం ఉంది, నిజాయితీ ఉంది. కానీ ‘ఇప్పటిదాకా మాకు కనబడింది ఇదీ’ అనవలసిన చోట ‘ఇక భయం లేదు’ అన్నారు.

ఇప్పటి సంగతికి వస్తే తెలంగాణ సోనా ఉంది. రాజేంద్రనగర్‌లో తయారైన ఆర్.ఎన్.ఆర్. 15048. తక్కువ కాలంలో చేతికొస్తుంది, అగ్గితెగులును కొంత తట్టుకుంటుంది, రైతుకు ఇవే ముఖ్యం. దాని అన్నం రక్తంలో చక్కెరను మిగతా సన్నాలంత వేగంగా పెంచదని కూడా పరీక్షల్లో తేలింది. ఆ ముక్క బియ్యం కొట్టు దాకా వచ్చేసరికి ‘షుగర్ లేని బియ్యం’ అయి కూర్చుంది! చక్కెర జబ్బున్న మా బంధువు ఒకాయన ఇదే నమ్మి రెండు పూటలా కడుపునిండా తిన్నాడు. వేగంగా పెంచదు అంటే అసలు పెంచదని కాదు, ఎంత తిన్నామన్నది ఎప్పుడూ లెక్కే. బియ్యం ఎంత పాలిష్ పట్టారు, ఎలా వండారు అన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. ఇంత చిన్న వివరణ సంచీ మీద తెలుగులో, ఉర్దూలో రాయడానికి ఎంత సిరా కావాలి?

కాబట్టి శాస్త్రవేత్తలను నేను అడిగేది పెద్దదేం కాదు. రోహిణి కార్తె రాకముందే, మే నెలలోనే, ఆ ప్రణాళికలోని జిల్లా పేజీని ఒక్క కాగితంగా, కార్తెల్లో, ఎకరాల్లో, కిలోల్లో రాసివ్వండి. ఎంతవరకు ఖాయమో, ఎక్కడ ఇంకా చూస్తున్నారో రెండు ముక్కలు కలపండి. రాశాక, అచ్చుకు ఇచ్చే ముందు మీ క్షేత్రంలో పనిచేసే కూలీతో చదివించండి. ఆమెకు అర్థం కాని మాట తీసేయండి. మిమ్మల్ని కూడా ఒకటి అడుగుతాను, చదివే మీరే. మీ మండలానికి దగ్గరలో ఏ పరిశోధనా కేంద్రం ఉందో, అక్కడ ఏ పంట మీద పని జరుగుతోందో మీకు తెలుసా? తెలియకపోతే ఈ వారం కనుక్కోండి. కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు పడదు.

ఆ రోజు మాదన్నపేటలో కట్టలన్నీ అమ్ముడుపోయేసరికి ఏడు దాటింది. ఆయన ఖాళీ గంపలు ఆటోలో వేసుకుంటూ, సంతోష్‌నగర్‌లో ఆ గేటు ఎటు వైపో చెప్పించుకున్నాడు. తర్వాత ఒక్క క్షణం ఆగి, "లోపలికి పోనిస్తరా సారూ, చెప్పులు బురదగున్నయి" అన్నాడు.