బత్తీసాబ్ లేని ఓడ

"ఓడ నడిసముద్రంలో ఉంటది, దాన్నెవడు హ్యాక్ చేస్తడు కాకా?" హైదరాబాద్ లాల్‌దర్వాజాలో మా గల్లీ పోరగాళ్లు నన్ను ఆటపట్టించే మాట ఇది. నేను సరకు ఓడల్లో ఎలక్ట్రికల్ ఆఫీసరుగా చేసి రిటైరైనవాణ్ని. మనవాళ్లుండే ఓడల్లో చీఫ్ ఇంజనీరు బడాసాబ్, నాలాంటివాడు బత్తీసాబ్. పోరగాళ్లకు నేను విశాఖ సంగతి చెబుతాను.

2012లో అక్కడి తూర్పు నౌకాదళ కేంద్రం కంప్యూటర్లలో వైరస్ బయటపడింది. రహస్య ఫైళ్లున్న ఆ యంత్రాలకు ఇంటర్నెట్ కనెక్షనే లేదు. వైరస్ పెన్‌డ్రైవ్‌లో దాక్కుని వచ్చి, తనకు కావలసిన మాటలున్న ఫైళ్లను గుట్టుగా పోగేసుకునేదనీ, అదే పెన్‌డ్రైవ్‌ను నెట్ ఉన్న కంప్యూటరుకు పెట్టగానే చైనా అడ్రసులకు పంపేదనీ అప్పట్లో పత్రికలు రాశాయి. అరిహంత్ జలాంతర్గామి విశాఖలోనే పరీక్షల్లో ఉన్న రోజులవి. నౌకాదళానికి ఆయుధాలు అందించే భారత్ డైనమిక్స్ (బీడీఎల్) మన కంచన్‌బాగ్‌లోనే ఉంది. సముద్రం లేని ఊరికి ఇవన్నీ ఎందుకు అనుకోవడానికి లేదు.

నేవీకే అలా జరిగితే సరకు ఓడ ఎంత? ఇంజిను, జనరేటర్లు, స్టీరింగు, బలాస్ట్ పంపులు అన్నీ ఇప్పుడు కంప్యూటర్ల చేతిలోనే ఉన్నాయి. వాటిలో కొన్ని ఇంకా పాత విండోస్ మీదే నడుస్తున్నాయి. తయారీదారు ఒప్పుకోకపోతే వాటిలో యాంటీవైరస్ కూడా వేయలేం. కాగితపు చార్టుల స్థానంలో వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఎక్‌డిస్‌కు వారం వారం వచ్చే సవరణలను చాలా ఓడల్లో పెన్‌డ్రైవ్‌తోనే ఎక్కిస్తారు. రేవులో సర్వీసు ఇంజనీరు వస్తాడు. గ్యాంగ్‌వే దగ్గర అతని ఐడీ కార్డు చూస్తాం, సంచి వెతుకుతాం, ఆ తర్వాత అతని ల్యాప్‌టాప్‌ను నేరుగా కంట్రోల్ ప్యానెల్‌కు తగిలించనిస్తాం! ముందు స్కాన్ చేద్దామని ఒకసారి నేను ఆపితే, కంపెనీ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. సాయంత్రానికి ఓడ కదలాలి, అడ్డుపడొద్దన్నారు.

2024 మార్చిలో డాలీ అనే ఓడ బాల్టిమోర్ వంతెనను గుద్ది ఆరుగురు చనిపోయినప్పుడు, హ్యాకర్ల పనేనని వాట్సాప్ తీర్పు ఇచ్చేసింది. ఆ ఓడ సిబ్బందిలో దాదాపు అందరూ భారతీయులే. అమెరికా దర్యాప్తు సంస్థ చివరకు కారణంగా తేల్చింది మాత్రం సరిగా బిగుసుకోని ఒకే ఒక్క వైరును. అది వదులై కరెంటు పోయింది. నాకైతే ఇది హ్యాకింగ్ కన్నా పెద్ద హెచ్చరిక. ఒక్క వైరుకే అంత ఓడ చీకటైతే, జనరేటర్ల కంట్రోల్‌లోకి దూరినవాడికి అదెంత పని? హ్యాకరైనా, వదులు వైరైనా, ఆ చీకట్లో ముందు పరుగెత్తాల్సింది బత్తీసాబే.

ఆ బత్తీసాబే చాలా ఓడల్లో లేడు. నావికుల శిక్షణ, సర్టిఫికెట్ల అంతర్జాతీయ ఒప్పందానికి 2010లో చేసిన మనీలా సవరణలు బత్తీసాబ్‌కు, అంటే ఈటీఓకు (ఎలక్ట్రో-టెక్నికల్ ఆఫీసరుకు) ప్రత్యేక సర్టిఫికెట్ పెట్టాయి గానీ, ఓడలో అతను ఉండి తీరాలని చెప్పలేదు. యజమానికి ఒక జీతం మిగిలింది. ఇక సైబర్ ముప్పును భద్రతా విధానంలో చేర్చాలని అంతర్జాతీయ నౌకా సంస్థ 2021 నుంచి అమలుచేస్తున్న నిబంధన ఉంది. చాలాచోట్ల దాని ఫలితం ఆఫీసు గదిలో ఇంకో ఫైలు. కంట్రోల్ వ్యవస్థల సైబర్ భద్రతకు, ఓడలను తనిఖీ చేసి ధ్రువీకరించే క్లాస్ సొసైటీలు పెట్టిన గట్టి నిబంధనలేమో 2024 జులై 1 నుంచి ఒప్పందమైన కొత్త ఓడలకే తప్పనిసరి. అంతకుముందువి ఇంకా ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటాయి.

ప్రపంచ ఓడలకు పెద్ద సంఖ్యలో నావికుల్ని పంపే దేశం మనది. ప్రతి పెద్ద ఓడలో ఈటీఓ తప్పనిసరి అని అంతర్జాతీయ వేదిక మీద పట్టుబట్టే హక్కు మనకుంది. మన నౌకాయాన నియంత్రణ సంస్థ డీజీ షిప్పింగ్ ఆ పని చేయాలి. బయటి ల్యాప్‌టాప్‌ను, పెన్‌డ్రైవ్‌ను ఆపే అధికారం ఈటీఓకు రాతపూర్వకంగా ఇప్పించాలి. ఓడ సాయంత్రం కాక మర్నాడు కదిలినా సరే, అతని మాటే చెల్లాలి.